మంత్రసాని మచ్చ

బస్తర్ సంస్థానం రోజుల్లో తర్లగూడలో భద్రమ్మ చేయి పడకుండా పుట్టిన పిల్లలు అరుదు. అత్త దగ్గర నేర్చుకున్న మంత్రసాని పని అది. అత్త పోయాక పదిహేనేళ్లుగా తనే చూస్తోంది. తెలుగు రైతుల ఇళ్లకూ పోయేది, దోర్ల గిరిజనుల గూడేలకూ పోయేది. ఒకచోట తెలుగులో ధైర్యం చెప్పేది, ఇంకోచోట దోర్లీలో చెప్పేది. నొప్పులు పడే మనిషికి ఆమె గొంతు వినపడితే చాలు, సగం భయం పోయేది.

అలాంటి మనిషిని ఆ ఏడు మాఘమాసంలో ఒక పురిటింటి గడప బయటే ఆపేశారు.

ఆపినవాడు ఊరి పటేలు సీతయ్య. చెడ్డవాడు కాదు. కరువు ఏడాది తన గాదె తెరిచి ఊరికి జొన్నలు పంచినవాడు. కానీ భయపడ్డ మనిషి. చేతికర్ర గడపకు అడ్డంగా పెట్టి, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"భద్రమ్మా, నువ్వు లోపటికి రావొద్దు. పసిపిల్ల పుట్టే ఇల్లు. నీ చెయ్యి సూస్తే అందరికీ గుబులైతంది."

ఆమె తన ఎడమ చేయి చూసుకుంది. మణికట్టు నుంచి చిటికెన వేలు వైపు అరచేయంత మేర తెల్లగా, ముడతలు పడి, అంచుల్లో ఎర్రగా ఉంది. చివరి రెండు వేళ్లు పూర్తిగా చాపబోయినా సాగవు. ఊరంతా ఆ చేతిని చూసి గుసగుసలాడుతున్న మాట ఆమెకు కొత్త కాదు. పెద్దరోగం, కుష్టు.

"లోపల ఆమెకు కాలు ముందొస్తందట మామా. ఇంకెవ్వలకు తెల్వదు తిప్పుడు," అంది.

"దేవుడున్నడు," అన్నాడు సీతయ్య.

బిడ్డ బతికింది, తల్లి కూడా ఎలాగో బతికింది. కానీ ఆ పూటంతా లోపలి అరుపులు వింటూ చింత చెట్టు కింద కూర్చుని భద్రమ్మ అనుభవించింది మాటల్లో చెప్పేది కాదు. ఏం చేయాలో చేతులకు తెలుసు. చేయనివ్వరు.

మూడోనాడు పెద్దలు కూర్చుని తేల్చేశారు. భద్రమ్మ బావి దగ్గరికి రాకూడదు. పురుడు ఇళ్లకు పోకూడదు. చేనులో కాపలా గుడిసె ఉంది కదా, అక్కడ ఉండాలి. మొగుడు ఉప్పలయ్య టేకు తెప్పలతో పాటు గోదావరి మీద కిందికి పోయి నాలుగు నెలలైంది. వానలు పడేదాకా రాడు. ఆమె తరఫున మాట్లాడటానికి మిగిలింది ఆడబిడ్డ సమ్మక్క ఒక్కతే. నోరున్న మనిషి. ఊరందరి మీదా కేకలు వేసే మనిషి. ఆ రోజు మాత్రం తల దించుకుని ఒక్క మాట మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో భద్రమ్మకు తెలుసు.

క్రితం వానాకాలంలో ఆ మణికట్టు మీద పావలా కాసంత చోట చర్మం కాస్త పాలిపోయింది. దురద లేదు, నొప్పి లేదు. భద్రమ్మ పట్టించుకోలేదు. సమ్మక్క చూసి హడలిపోయింది. "ఇది ముదిరితే నిన్ను ఊర్ల ఉండనియ్యరు వదినా, ఇప్పుడే కాల్చెయ్యాలె," అని అడవి నుంచి నల్లజీడి గింజలు తెచ్చి, పగలగొట్టి, ఆ రసం మచ్చ మీద మందంగా పట్టించింది. మూడోనాటికి చేయి బొబ్బలెక్కింది. బొబ్బలు చితికాయి, చీము పట్టింది, రెండు నెలలు మానలేదు. మానాక చర్మం బిగుసుకుని వేళ్లను లాక్కుంది. పోగొట్టాలనుకున్న మచ్చ పదింతలై కూర్చుంది.

ఈ సంగతి ఇద్దరూ ఎవరితోనూ చెప్పలేదు. వదిన మీద ప్రేమతో చేసిన పని వదిన కొంప ముంచిందని ఊరికి తెలిస్తే సమ్మక్క తల ఎత్తుకు తిరగలేదని భద్రమ్మే నోరు నొక్కుకుంది.

ఫాల్గుణంలో ఒకరోజు కోత్వాలు డప్పు కొట్టి చాటింపు వేశాడు. జగదల్‌పూర్ నుంచి చర్మరోగాల డాక్టరు భోపాలపట్నం దవాఖానాకు వచ్చాడు. పన్నెండు రోజులుంటాడు. ఒంటి మీద మచ్చలు, పుండ్లు ఉన్నవాళ్లు వచ్చి చూపించుకోవచ్చు.

చాటింపు విని, మచ్చలున్నవాళ్లు ఒక్కొక్కరే అడవిలోకి జారుకున్నారు. డాక్టరు చూస్తాడు, పేరు రాసుకుంటాడు, సిపాయిలను పంపి బండెక్కించి ఎక్కడో దూరాన గోడల మధ్య పడేస్తాడని పుకారు.

సాయంత్రం సమ్మక్క గుడిసెకు అంబలి తెచ్చింది. భద్రమ్మ అప్పటికే చీర, గొంగడి మూట కట్టుకుని కూర్చుంది.

"ఏంది వదినా, ఏడికి?"

"భోపాలపట్నం."

"పిచ్చి లేసిందా ఏంది నీకు! పట్టుకపోయి ఏడనో పారేస్తరట. మల్ల ఊరి మొకం సూడవు."

"ఇప్పుడు నేనేడున్ననే సమ్మక్కా? ఊర్లనే ఉన్ననా?"

సమ్మక్క అంబలి కుండ కింద పెట్టి, "నేను గూడ వస్త," అంది. "రెండు దినాల నడక. ఒక్కదానివి ఎట్ల పోతవ్?"

రెండోనాటి పొద్దు వాలే వేళకు ఇద్దరూ భోపాలపట్నం చేరారు. ఆ రాత్రి సంత పాకలో పడుకుని, తెల్లారగానే దవాఖానా ముందుకు పోయారు. భద్రమ్మ మనసులో ఆ దవాఖానా పెద్ద జైలులాగా ఉంది. తీరా చూస్తే పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, అరుగు మీద నీళ్ల కుండ. అరుగు చివర బల్ల వేసుకుని కాంపౌండరు భూషణం చీటీలు రాస్తున్నాడు. భద్రాచలం వైపు మనిషి. అతని నోట తెలుగు వినగానే ఆమెకు కొంచెం ఊపిరాడింది.

"పేరేందమ్మా? ఏ ఊరు? ఏం పని చేస్తవ్?"

"మంత్రసానిని," అంది. తర్వాత, "ఇంతకు ముందు," అని కలిపింది.

భూషణం కలం ఆపి ఆమె వైపు చూశాడు. చీటీ మీద మంత్రసాని అని మాత్రమే రాసి చేతికిచ్చాడు.

"సిపాయిలు ఏడున్నరు?" సమ్మక్క చుట్టూ చూస్తూ అడిగింది.

"సిపాయిలెందుకు? ఈడ ఉండేది డాక్టరు గారు, నేను, ఆయా. పోండి, కూసోండి. పిలుస్తరు."

డాక్టరు కేళ్కర్ నాగపూరు మనిషి. సన్నగా, పొడుగ్గా, నెరిసిన మీసంతో ఉన్నాడు. హిందీలో మాట్లాడితే భూషణం తెలుగు చేసేవాడు. భద్రమ్మ లోపలికి పోగానే చేయి ముందుకు చాపింది, ఎలాగూ చూడాల్సింది అదే కదా అని. ఆయన చేయి చూడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

ప్రశ్నలు మొదలుపెట్టాడు. మచ్చ ఎప్పుడు మొదలైంది? మొదట ఎంతుంది? దురదా, మంటా? వానాకాలంలో ఎక్కువైందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అమ్మానాన్నలకు ఉండేదా? రోజూ ఈ చేతులతో ఏమేం ముట్టుకుంటావు? భద్రమ్మ ఒక్కొక్కటీ తడుముకుంటూ చెప్పింది. ఊళ్లో ఇన్ని నెలలుగా అందరూ ఆమె చేతిని చూశారు. ఒక్కరూ ఇన్ని సంగతులు అడగలేదు.

"దీనికి ఏమేం పెట్టినవ్?" భూషణం నోట వచ్చింది ప్రశ్న.

తలుపు దగ్గర నిలబడ్డ సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏం పెట్టలే," అంది భద్రమ్మ.

డాక్టరు ఆమె ముఖం వైపు చూసి, రాసుకున్నాడు.

తర్వాత భూషణం బయటికి పోయి తెర అవతల నిలబడ్డాడు. ఆయా లోపలికొచ్చి ఆమెను కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టి, రవిక విప్పించి, దుప్పటి కప్పింది. ఎక్కడ చూడాలో అక్కడ మాత్రమే దుప్పటి తొలగించేది, మళ్లీ కప్పేది. డాక్టరు ఆమె వీపు, మెడ, చెవులు, పాదాలు, అరికాళ్లు భూతద్దంతో చూశాడు. మోచేయి వెనక ఎముక పక్కన వేలితో తడిమాడు. అక్కడ నరం ఉంటుందనీ, పెద్దరోగమైతే అది తాడులా లావెక్కుతుందనీ భూషణం తెర అవతల నుంచి చెప్పాడు. డాక్టరు రెండు మోచేతులూ పోల్చి చూసి "హూఁ" అన్నాడు. ఆ హూఁకారం మంచికో చెడుకో తెలియలేదు.

"ఇప్పుడు కండ్లు మూసుకో," అని వచ్చింది భూషణం గొంతు. "ఈకతోటి ముట్టుకుంటరు. ఏడ తాకితే ఆడ వేలు పెట్టి చూపియ్యాలె. తాకకుంటే ఊకెనే ఉండు."

వీపు మీద ఈక తాకింది. చూపించింది. మెడ, భుజం, మోచేయి, అన్నీ చూపించింది. మణికట్టు అంచున తాకింది, చూపించింది. తర్వాత చాలాసేపు ఏమీ తాకలేదు.

"ఇప్పుడు?" అన్నాడు భూషణం.

"ఏం తాకలే."

"ఇప్పుడు?"

"లేదయ్యా."

కళ్లు తెరిచి చూసింది. ఈక ఆమె తెల్ల మచ్చ నడిమధ్యన ఆని ఉంది.

తాకుడు తెలియకపోవడమే పెద్దరోగానికి గుర్తని ఆమెకూ తెలుసు. డాక్టరు సూది మొనతో గుచ్చి చూశాడు, వేణ్నీళ్ల గాజు గొట్టం, చన్నీళ్ల గొట్టం ఒకదాని తర్వాత ఒకటి ఆనించాడు. అంచుల్లో తెలుస్తోంది. నడుమ తెలియడం లేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈసారి నిదానంగా, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలు కలిపి అడిగాడు.

"అమ్మా. సచ్ బోలో, నిజం చెప్పు. ఏం పెట్టినవ్?"

ఆ నిమిషంలో కూడా ఆమెకు గుర్తొచ్చింది సమ్మక్క ముఖమే.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక అరుపు వినిపించింది. సమ్మక్క తెర తోసుకుని లోపలికొచ్చి, నేల మీద కూలబడింది.

"నేనయ్యా! నేనే పెట్టిన! నల్లజీడి రసం. ఒకపాలి గాదు, మూడు దినాలు పెట్టిన. మంట అని మొత్తుకున్నా ఇనకపోతిని. నా వదినకు నేనే నిప్పు పెట్టిన. దీన్ని పట్టుకపోకుండ్రి, నన్ను పట్టుకపోండ్రి!"

భూషణం ఆ మాటలన్నీ హిందీ చేసి చెప్పేసరికి డాక్టరు ముఖం విచ్చుకుంది. మొదటిసారి నవ్వాడు. గబగబా ఏదో చెప్పాడు.

"ఏడ్వకమ్మా," అన్నాడు భూషణం. "ఈ ఒక్క ముక్క కోసమే అడిగింది. నల్లజీడి కాల్చిన చోట తోలు చచ్చిపోతది, తాకుడు తెల్వదు. వేళ్లు గుంజుకున్నది గూడ ఆ కాలుడుకే. నరం మాత్రం మంచిగనే ఉన్నదట. అయినా అయ్యగారు ఊకెనే మాట ఇయ్యరు. అద్దం మీద చూసినంకనే చెప్తరు."

చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి గాజు పలక మీద పూశారు. మచ్చ అంచున ఇంకో గాటు. వీపు మీద ఆమెకు ఇన్నాళ్లూ కనపడని చోట పాలిపోయిన చిన్న చిన్న మచ్చలు ఎన్నో ఉన్నాయట. అక్కడ పొట్టు గీకి ఇంకో పలక మీద పెట్టారు. గాట్లు చీమ కుట్టినంత నొప్పి. సాయంత్రం దాకా వేపచెట్టు కింద కూర్చోమన్నారు.

ఆ రోజంత పొడుగు రోజు భద్రమ్మ బతుకులో ఇంకోటి లేదు. ఎంత కష్టమైన కాన్పు దగ్గర కూడా ఆమె అంతసేపు చేతులు కట్టుకుని కూర్చోలేదు. సమ్మక్క ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంది. భద్రమ్మ ఆమె తలలో పేలు చూస్తూ కూర్చుంది. చేతులకు ఏదో ఒక పని ఉండాలి.

పొద్దు వాలుతుండగా పిలిచారు. డాక్టరు సూక్ష్మదర్శిని పక్కన నిలబడి ఉన్నాడు.

"పెద్దరోగం లేదు," అన్నాడు భూషణం. తనకే మేలు జరిగినట్టు గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. "లేదమ్మా! రెండు పలకల మీద గూడ పురుగు లేదు. నీ వీపు మీదున్నది శోభి. తడి గోడకు బూజు పట్టినట్టు చెమట ఒంటికి పట్టే బూజు. మొదలు నీ చేతి మీద వచ్చింది గూడ అదే. గంధకం లేపనం రాస్తే నెలన్నరల పోతది."

సమ్మక్క నేలకు మొక్కి ఏడ్చేసింది. భద్రమ్మ ఏడవలేదు. సూక్ష్మదర్శిని గొట్టం వైపు వేలు చూపించి అడిగింది.

"అండ్ల కనపడ్తదా? నేను సూడొచ్చా?"

డాక్టరు పక్కకు జరిగాడు. ఆమె ఒక కన్ను మూసి, గాజులోకి తొంగి చూసింది. మొదట వెలుగు తప్ప ఏమీ లేదు. ఆయన మర తిప్పగానే తేటపడింది. తుంచి పోసిన పీచు లాంటి పొట్టి దారాలు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా గుండ్రటి గింజలు. తనను బావి దగ్గర నుంచి వెళ్లగొట్టింది, గడప బయట ఆపింది, చేను గుడిసెలో పడుకోబెట్టింది ఇంతటి బూజు ముక్క! ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గట్టిగా నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున ఊదారంగు మందునీళ్లతో చేయి కడిగి, లేపనం ఇచ్చి, ఎలా రాయాలో చెప్పారు. బట్టలు ఉడకబెట్టి ఎండలో వేయాలి. ముడుచుకున్న వేళ్లను నూనె రాసి రోజూ కొద్దికొద్దిగా చాపుతూ ఉండాలి, సగానికి పైగా సాగుతాయి. దవాఖానా ముద్ర వేసిన కాగితం ఒకటి ఇచ్చారు. బయల్దేరే ముందు భద్రమ్మ భూషణాన్ని అడిగి ఆ పరీక్ష మొత్తం మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. ఈక ఎలా పట్టాలి, ఎంత మెల్లగా ఆనించాలి, నరం ఎక్కడ తడమాలి. నేర్చుకునే అలవాటున్న చేతులు. ఒక్కసారికే పట్టుబడింది.

తర్లగూడ చేరాక నేరుగా పటేలు ఇంటి ముందుకే పోయింది. అంగడి రోజు కావడంతో జనం నిండుగా ఉన్నారు. కాగితం తీసి సీతయ్యకిచ్చింది. ఆయన హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, తిరిగిచ్చేశాడు.

"కాయితం రాసుడు ఎంతసేపు భద్రమ్మా. జనం భయం కాయితంతోటి పోతదా?"

"పోదు మామా. అందుకే అడుగుతున్న. డాక్టరు నన్ను ఎట్ల సూసిండో మీ అందరి ముంగట మీరే సూడుండ్రి. కోడి ఈక తెండ్రి."

ఎవరో ఈక తెచ్చారు. భద్రమ్మ ఎత్తుపీట మీద కూర్చుంది. సమ్మక్క ఆమె కళ్లకు కొంగు చుట్టింది. సీతయ్య మొదట వెనకాడాడు. జనం చూస్తున్నారని ముందుకొచ్చి, చేయి చాచి దూరం నుంచే ఈక ఆనించాడు.

"మోచెయ్యి," అంది భద్రమ్మ. "ఇది మెడ... చెవి కింద... అరచెయ్యి... ఇది మచ్చ అంచు."

జనం దగ్గరికి జరిగారు. సీతయ్య ఈకను ఆమె భుజం మీద గాల్లోనే ఊపాడు.

"ఏం తాకలే మామా. ఊకెనే గాలికి ఆడిస్తున్నవ్."

నవ్వులు లేచాయి. సీతయ్య కూడా నవ్వాపుకుంటూ ఈకను మచ్చ నడుమ ఆనించాడు. భద్రమ్మ మాట్లాడలేదు. ఇంకా గట్టిగా ఆనించాడు. మాట్లాడలేదు. నవ్వులు ఆగిపోయాయి. "సూసిండ్రా, ఆడ తెలుస్తలేదు," అని వెనక ఎవరో గొణిగారు.

ఆమె కొంగు విప్పేసింది.

"అవును, ఆడ తెల్వదు. దాచుడెందుకు? ఆడ తోలు కాలింది."

"నేను కాల్చిన!" సమ్మక్క నడుమ్మీద చేతులేసి అందరి ముందుకొచ్చింది. ఆ రోజు పోయిన నోరు తిరిగొచ్చింది. "నల్లజీడి రసం పెట్టి నేనే కాల్చిన. బుద్ధి తక్కువై పెట్టిన. తప్పంత నాది. ఇగ మీరు నన్ను తిట్టుండ్రి, దాన్ని గాదు."

"కాలితే తాకుడు పోతదా?" సీతయ్య అనుమానంగా అడిగాడు.

భద్రమ్మ చుట్టూ చూసి, జనంలో ఉన్న రాఘవులును పిలిచింది. చిన్నతనంలో మరిగే అంబలి పడి అతని పిక్క కాలిన సంగతి ఊరందరికీ తెలుసు. అతన్ని కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఆ పాత మచ్చ నడుమ ఈక ఆనించింది.

"ఇగ మొదలుపెట్టు వదినె," అన్నాడు రాఘవులు కళ్లు మూసుకునే.

జనం గొల్లుమన్నారు. అతనికి ఎందుకో అర్థం కాక కళ్లు తెరిచి, తన పిక్క మీదున్న ఈక చూసి నోరు వెళ్లబెట్టాడు. ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరి వెనక ఒకరు, తమ పాత గాయాలూ పొక్కులూ చూపించుకుంటూ, తమకూ ఈక పెట్టి చూడమని ముసురుకున్నారు. అంగడి సగం ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం భద్రమ్మ అందరి ముందూ బావిలో చేద వేసి నీళ్లు తోడుకుంది. ఒక ముసలమ్మ తన కడవ కూడా ఆమె ముందు పెట్టి, "నాకూ రెండు చేదలు పొయ్యి బిడ్డా," అంది. ఆ కడవ నింపుతున్నప్పుడు మాత్రం భద్రమ్మ కళ్లు చెమ్మగిల్లాయి.

మర్నాడు పొద్దున్నే సీతయ్య ఒంటరిగా ఆమె ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏదేదో మాట్లాడాడు. చివరికి పంచె మోకాలి పైకి లాగాడు. తొడ వెనక అరచేయంత మచ్చ. ఎర్రగా, పొడిగా, నున్నగా, వెంట్రుక లేకుండా ఉంది.

"నిన్న ఇంటికి పోయినంక ఈక పెట్టి సూసుకున్న," అన్నాడు. "తెలుస్తలేదు భద్రమ్మా. ఆడ నేను ఎన్నడూ కాలలే."

ఆమె నోటి దాకా ఒక మాట వచ్చింది. చేను గుడిసెలో గడిపిన రోజులన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఆయన చేతులు చూసింది. గడపకు కర్ర అడ్డం పెట్టిన ఆ చేతులే ఇప్పుడు పంచె అంచు నలుపుతున్నాయి. ఆ మాట మింగేసింది. ఈక తెచ్చి, కళ్లు మూసుకోమని, భూషణం చెప్పినట్టే ఓపికగా పరీక్షించింది. నిజమే. అంచుల్లో కూడా తెలియడం లేదు.

"డాక్టరు ఇంక నాలుగు దినాలు ఉంటడు," అంది. "బండి కట్టించు. నేనూ వస్త."

"నన్ను పట్టుకపోతే?"

"నన్ను పట్టుకపోయిండ్రా? అడిగిందానికి నిజం చెప్పాలె, అంతే. ఏం దాచినా మనకే కీడు."

డాక్టరు కేళ్కర్ సీతయ్యను కూడా అలాగే కూర్చోబెట్టి, అలాగే ప్రశ్నలడిగి, అలాగే వెలుతురులో చూశాడు. ఈసారి జవాబు వేరేగా వచ్చింది. పెద్దరోగమే, కానీ మొదలు. పలక మీద పురుగు కనపడలేదు కాబట్టి పక్కవాళ్లకు అంటించే రకం కాదు. ఇంట్లోనే ఉండొచ్చు. వారం వారం దవాఖానాకు వచ్చి భూషణం చేత మందు నూనె సూది వేయించుకోవాలి, వేళ్లకూ కాళ్లకూ ఏమీ కాకముందే వచ్చాడు కాబట్టి నయమయ్యే ఆశ చాలా ఉంది. అంతా విని సీతయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు. డాక్టరు భద్రమ్మ వైపు తిరిగి హిందీలో ఏదో అడిగాడు.

"ఈయన రోగాన్ని కనిపెట్టింది ఎవరు అని అడుగుతున్నరు," అన్నాడు భూషణం.

"కోడి ఈక," అంది ఆమె.

ఊరికి వచ్చాక సీతయ్యే అందరినీ పిలిచి సంగతి దాచకుండా చెప్పాడు. చెప్పి, తన చాప చుట్ట భుజాన వేసుకుని చేను గుడిసె వైపు అడుగు వేశాడు. భద్రమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"ఏడికి మామా? డాక్టరు ఇంట్లనే ఉండమన్నడు. ఆ గుడిసె పందుల కాపలాకు, మనుషుల్ని పారెయ్యనీకి గాదు. ఈ ఊర్ల మచ్చ వచ్చిందని ఇంకెవ్వలూ ఆ గుడిసెకు పోరు. ఎవ్వలకన్న అభ్యంతరముంటే నాకు చెప్పుండ్రి."

ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఉన్నా, ఆమె ఎదుట చెప్పే ధైర్యం లేకపోయింది. సమ్మక్క పోయి సీతయ్య భుజం మీది చాప లాక్కుని వాళ్లింట్లో పడేసింది.

అంతలోనే దోర్ల గూడెం నుంచి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. తన భార్య జోగేకు నొప్పులు మొదలయ్యాయట, పొద్దుట్నుంచీ భద్రమ్మ పేరే పలవరిస్తోందట. భద్రమ్మ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని పరుగున పోయింది. ఎవరూ గడపలో ఆపలేదు. లోపల ఆడవాళ్లు జరిగి దారిచ్చారు. ఎడమ చేతి రెండు వేళ్లు ఇంకా పూర్తిగా సాగకపోయినా, మిగిలిన ఎనిమిది వేళ్లూ వాటి లోటు తీర్చాయి. పొద్దు గుంకకముందే ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు గూడెం చివరిదాకా వినపడింది. భద్రమ్మ ఆ పిల్లను రెండు చేతుల్లోకీ తీసుకుని, వెలుతురులోకి తెచ్చి, తల నుంచి కాళ్లదాకా తనివితీరా చూసింది.

మరుసటి ఏడు ఫాల్గుణంలో డాక్టరు మళ్లీ వస్తున్నాడని చాటింపు పడింది. ఈసారి అడవిలోకి ఎవరూ పోలేదు. తర్లగూడ నుంచీ చుట్టుపక్కల గూడేల నుంచీ ఇరవై ముగ్గురు బయల్దేరారు. అందరికంటే ముందు భద్రమ్మ, ఆమె పక్కన సమ్మక్క. వెనకాల బండి మీద సీతయ్య. తొడ మచ్చ మసకబారింది. వేళ్లు, పాదాలు చెక్కుచెదరలేదు. దారిపొడుగునా భయపడేవాళ్లు భయపడుతూనే ఉన్నారు, ఆమె చెబుతూనే ఉంది.

"మొదలు పేరు రాసుకుంటరు, అంతే. ఎవ్వలూ కొట్టరు, తిట్టరు. ఎన్నడు వచ్చింది, ఎట్ల వచ్చింది అని అడుగుతరు. ఆకు పసరు పెట్టినా, బూడిద పెట్టినా, ఏది పెట్టినా సిగ్గుపడకుండ చెప్పాలె. సమ్మక్కను సూసి నేర్చుకోండ్రి."

"వదినా, నన్నెందుకు గుంజుతవ్!" అంది సమ్మక్క.

"ఒళ్లంత సూస్తరా?" ఒక కొత్త కోడలు మెల్లగా అడిగింది.

"సూస్తరు. ఆయా ఉంటది, దుప్పటి ఉంటది. సూడాల్సిన కాడనే సూస్తరు. ఎనక నీకు కనపడని మచ్చలు గూడ వాళ్లకు కనపడాలె గద."

"నొప్పి పెడ్తరా?" వెనక నుంచి ఇంకో ఆమె అడిగింది.

"చెవి కాడ చీమ కుట్టినట్టు. నువ్వు ముగ్గురు పిల్లల్ని కన్నదానివి, నీకదో లెక్కా?"

ఆడవాళ్లంతా పకపక నవ్వారు. మలుపు తిరిగేసరికి దవాఖానా పెంకులు కనిపించాయి. అరుగు మీద బల్ల వేసుకుని కూర్చున్న భూషణం తలెత్తి, దుమ్ము లేపుకుంటూ వస్తున్న ఆ గుంపును చూసి లేచి నిలబడ్డాడు. భద్రమ్మ దూరం నుంచే చేయెత్తి కేకేసింది.

"భూషణమన్నా! చీటీలు ఎక్కువ తీసిపెట్టుకో. ఇరవై ముగ్గురం వచ్చినం!"